గరిటె టైనన్లు

ఆర్డ్‌కల్లెన్ కోటలో వంటింటి మెట్ల దగ్గరికి రాగానే బ్రీడా కామర్‌ఫోర్డ్ గొంతు తగ్గిస్తుంది. గొంతు పెంచితే జనం గోడల మీది పటాలు చూస్తారు, తగ్గిస్తే ఆమె నోరు చూస్తారు. వచ్చినవాళ్లని గది గదికీ తిప్పి కోట కథలు చెప్పడం ఇరవై రెండేళ్లుగా ఆమె ఉద్యోగం. ఆ బుధవారం బయట వాన దంచుతోంది. ముప్ఫై నాలుగు తలలు లెక్కపెట్టుకుని, గొడుగులన్నీ ఇత్తడి తొట్టిలో పెట్టించి, అడ్డంగా కట్టిన తాడు కొక్కెం విప్పింది.

"మూడో మెట్టు మీద కాలు పెట్టకండి. అది హానోరాది."

అందరూ మూడో మెట్టు దాటుకుని ఎక్కారు. ఒక జర్మనీ పెద్దమనిషి భార్య మోచెయ్యి పట్టుకుని మరీ దాటించాడు. బ్రీడా కూడా దాటింది. జనం లేనప్పుడు కూడా ఆమె ఆ మెట్టు దాటే ఎక్కుతుంది, అలవాటు.

"హానోరా టైనన్. నూట ముప్ఫై ఏళ్ల కిందట ఈ వంటింట్లో గిన్నెలు తోమిన పిల్ల. పంతొమ్మిదేళ్లు. ఒకరోజు దొరసానిగారి వెండి గరిటె కనబడలేదు. వెతగ్గా వెతగ్గా ఈ పిల్ల పరుపు కింద దొరికింది. తెల్లవారుజామున మంచు పడుతుంటే ఒంటి మీద శాలువా కూడా లేకుండా గేటు బయటికి గెంటారు. మూడో రోజు నదిలో తేలింది. అప్పట్నించీ వాన పడినప్పుడల్లా గరిటె తిరిగి ఇచ్చేద్దామని ఈ మెట్ల దాకా వస్తుంది. వినండి..."

బ్రీడా కోటు లోపల దాచుకున్న గరిటెతో వీపు వెనక ఇనప కమ్మీ మీద ఒక్కటి కొట్టింది. ఆ చప్పుడు రాతి గోడల మధ్య పైకీ కిందికీ తిరిగింది. జనం ఉలిక్కిపడి, ఆ తర్వాత ఉలిక్కిపడినందుకు నవ్వుకున్నారు. ఎప్పుడూ జరిగేదే.

ఒక్కావిడ మాత్రం కదల్లేదు. డెబ్భై ఎనిమిదేళ్లుంటాయి. తల మీద ప్లాస్టిక్ వాన టోపీ, చేతిలో బజారు సంచీ. ఊరివాళ్లెవరూ డబ్బు పెట్టి కోట చూడ్డానికి రారు, ఈవిడేమిటా అనుకుంది బ్రీడా. మిగతావాళ్లు పై గదిలోకి వెళ్లాక ఆవిడ వెనకే ఆగింది.

"ఏమ్మాయ్, ఆ పిల్ల దొంగతనం చేసిందని నీకెవరు చెప్పారు?"

"పైన పాత పుస్తకాలున్నాయండి. పనివాళ్ల పేర్లన్నీ అందులోనే ఉన్నాయి."

"గరిటె సంగతి కూడా రాసుందా అందులో?"

కింద తర్వాతి జట్టు కాళ్లు దులుపుకుంటున్న చప్పుడు వినిపిస్తోంది. మెట్ల పైన కోట మేనేజర్ శార్టల్ చేతి గడియారం చూసుకుంటూ నిలబడ్డాడు. అడిగిన ప్రతివాళ్లకీ ఇన్నేళ్లుగా ఏ మాట చెప్పిందో ఆ మాటే బ్రీడా నోట్లోంచి వచ్చింది.

"ఉందండి."

ముసలావిడ నెమ్మదిగా తల ఊపింది. "రాసి ఉంటే ఇంకేం చేస్తాం. దేవుడు నిన్ను చల్లగా చూడాలి తల్లీ." సంచీ సర్దుకుని కిందికి దిగింది. దిగుతూ మూడో మెట్టు మీద రెండు కాళ్లూ ఆనించి, ఒక్క క్షణం ఊపిరి తీసుకుని, మిగతావి దిగిపోయింది.

ఐదింటికి టికెట్ల గదిలో టీసీ ఫీలన్ బల్ల తుడుస్తోంది. బ్రీడా, టీసీ ఒకే బళ్లో చదువుకున్నారు. ఊళ్లో ఎవరింట్లో ఏం ఉడుకుతోందో టీసీకి తెలియంది లేదు.

"ఇందాక వచ్చిన ముసలావిడ ఎవరే?"

"జోసీ టైనన్. నది అవతల. తెలీదా నీకు? గరిటె టైనన్లు."

బ్రీడా చేతిలో కోటు అలాగే ఉండిపోయింది. ఆ చుట్టుపక్కల టైనన్లవి ఇరవై ఇళ్లుంటాయి. ఎవరు ఎవరో తెలియడానికి ఎర్ర టైనన్లు, తిరగలి టైనన్లు, బావి టైనన్లు అని పేర్లున్నాయి. గరిటె టైనన్లు అని ఎప్పుడూ వినలేదు.

"ఎప్పట్నించి వాళ్లకా పేరు?"

"ఎప్పట్నించేమిటి, తాతల నాటి నించీ. పాపం జోసీ తమ్ముడు మాటీతో గొడవ పడి వచ్చింది. ఆదివారం నవంబరు సమాధుల దీవెన కదా, పోయినవాళ్ల పేర్లన్నీ ఫాదర్ చదువుతాడు, రాళ్లు చెక్కే హోలొహన్ దగ్గర వాళ్ల సమాధికి కొత్త రాయి చెక్కిస్తున్నారు. తాత, అమ్మ, నాన్న, అందరి పేర్లూ. ఆ హానోరా కూడా అదే గోతిలో ఉందిట, పేరు లేకుండా. ఆవిడ పేరు వేద్దామని జోసీ. దొంగ పేరు రాయి మీదికి రానివ్వనని మాటీ. చివరికి కోటలో అడిగి రా, దొంగతనం జరగలేదని చెబితే వేయిద్దాం అన్నాడట. నువ్వేం చెప్పావే?"

బ్రీడా కోటు మళ్లీ కొక్కేనికి తగిలించి అంది, "టీసీ, ఆ గరిటె కథ నేను కల్పించిందే."

టీసీ తుడిచే గుడ్డ ఆపి పకపకా నవ్వింది. "చాల్లే సంబడం! మా అమ్మమ్మ చెప్పేది నాకు, పొయ్యి దగ్గర కూచోబెట్టుకుని."

"మీ అమ్మమ్మ నీ పెళ్లికి ముందే, నేనీ ఉద్యోగంలో చేరకముందే పోయిందిగా."

"పోతే? పోకముందు చెప్పింది. నిప్పు లేందే పొగ రాదే బ్రీడా. నువ్వెక్కడో విని మర్చిపోయి, కల్పించాననుకుంటున్నావు."

బ్రీడా మళ్లీ పైకెక్కింది. పుస్తకం అద్దాల బీరువాలో ఉంది, తాళం ఆమె గుత్తిలోనే ఉంటుంది. తోలు అట్ట, తడి వాసన. ఆ పేజీ వెతుక్కోనక్కర్లేకుండానే తెరుచుకుంది. వంటిల్లు: హానోరా టైనన్, వయసు పంతొమ్మిది. పేరు మీద అడ్డంగా ఒక సిరా గీత. ఆ పేజీలో పదకొండు పేర్లుంటే ఏడింటి మీద గీతలున్నాయి. పెళ్లయి వెళ్లినవాళ్లు, ఓడెక్కినవాళ్లు, చచ్చిపోయినవాళ్లు, అందరికీ ఒకటే గీత. ఇంకొక్క ముక్క లేదు.

ఆమె ఉద్యోగంలో చేరిన రెండో వారం నలభై మంది బడిపిల్లలు వచ్చారు. పెద్ద హాలు తాళం ఎంతకీ తెరుచుకోలేదు. పిల్లలు ఆ మెట్ల మీద కోట ఎగిరిపోయేలా అరుస్తున్నారు. పొద్దున చూసిన పేరూ గీతా గుర్తొచ్చి బ్రీడా నోరు తెరిచింది, మిగతాదంతా నోరే చూసుకుంది. పిల్లలు గప్‌చిప్. వెళ్తూ వెళ్తూ టీచరమ్మ ఆమె చెయ్యి పట్టుకుని ఊపింది. అప్పట్నించీ ఏటా ఆ ఊరి పిల్లలందరూ ఆ మెట్లెక్కారు, ఎక్కి దిగి ఇళ్లకి పోయారు. తన కథ ఏ ఇంటికి పోయి ఏ తలుపు తట్టిందో బ్రీడా ఒక్కసారీ ఆలోచించలేదు.

గురువారం ఆమెకి మధ్యాహ్నం నించి సెలవు. వంతెన దాటి, రెండుచోట్ల అడిగి, జోసీ ఇల్లు పట్టుకుంది. జోసీ పిండి చేతులతోనే తలుపు తీసింది. ఎందుకొచ్చావని అడగలేదు. కుర్చీ లాగి, టీ పోసి, సోడా రొట్టె మీద వెన్న దట్టంగా రాసి ముందు పెట్టింది. బల్లకి అటువైపు తమ్ముడు మాటీ ముక్కు మీద కళ్లద్దాలతో కూర్చుని, హోలొహన్ పెన్సిల్‌తో గీసిచ్చిన కాగితం చూస్తున్నాడు. నాలుగు పేర్లున్నాయి అందులో.

"నేను నిన్న మీకు అబద్ధం చెప్పానండి," అంది బ్రీడా. టీ ముట్టుకోలేదు. "పుస్తకంలో గరిటె లేదు. దొంగతనం లేదు. ఆవిడ పేరుంది, వయసుంది, పేరు మీద గీతుంది. అంతే. మిగతాదంతా నేను పుట్టించింది. ఇరవై రెండేళ్ల కిందట."

జోసీ చేతుల్లో పిండి ముద్ద ఆగింది.

మాటీ కళ్లద్దాలు తీసి బల్ల మీద పెట్టాడు. "మా అక్క మొహం చూసి జాలిపడి వచ్చావు. మంచిదానివే. కానీ అక్కర్లేదమ్మా. గరిటె సంగతి నాకు మా నాన్నే చెప్పాడు."

"మీ నాన్నగారు పోయి..."

"ముప్ఫై ఒక్క ఏళ్లు. పశువుల కొట్టంలో పాలు పితుకుతూ చెప్పాడు. మన ఇంటి మచ్చరా మాటీ, ఎక్కడా అనకు అన్నాడు."

"నాకెప్పుడూ చెప్పలేదే," అంది జోసీ.

"ఆడపిల్లకి ఎందుకు చెబుతాడు?"

బ్రీడా మనసులో లెక్కేసుకుంది. ముప్ఫై ఒకటిలోంచి ఇరవై రెండు తీస్తే తొమ్మిది. తను కల్పించడానికి తొమ్మిదేళ్ల ముందు ఆ కథ ఈ ఇంట్లో ఉందా? టీసీ అమ్మమ్మ దగ్గరా ఉందా? తాను ఆ రోజు మెట్ల మీద నోరు తెరిస్తే లోపల్నించి మాట్లాడింది ఎవరు?

"ప్రమాణం చేసి చెబుతున్నానండి," అంది.

జోసీ చేతులు కడుక్కుని, తుడుచుకుని, వచ్చి ఎదురుగా నిలబడింది. కోపంగా ఉంది. మెత్తటి మనిషికి కోపం వస్తే చూడ్డం కష్టం.

"నదిలో తేలింది అన్నావు. తేల్లేదు. జబ్బు చేసి కోట నించి ఇంటికొచ్చింది. అదిగో, ఆ పక్క గదిలో దగ్గి దగ్గి పోయింది. మా తాతే చెల్లెలి కళ్లు మూశాడు. అది నాకు తెలుసు. జనం చిలవలు పలవలు కలుపుతారు, నది కలిపారు అనుకున్నాను. గరిటె కూడా కలిపారా లేదా అన్నదే తెలీక నీ దగ్గరికొచ్చాను. వీడి కొడుకు ఫింటన్ హర్లింగ్ కర్రాట ఎంత బాగా ఆడేవాడో తెలుసా? మైదానం పక్కన బట్టలు మార్చుకునే గదిలో పిల్లలందరూ చేరి బెంచీల మీద గరిటెలతో టంగు టంగున కొట్టేవాళ్లుట వాడు బూట్లు కట్టుకుంటుంటే. కర్ర మూల పడేశాడు. ఇప్పటికీ ఈ ఊరు రాడు."

జోసీ చేతిగుడ్డ బల్ల మీద పడేసింది.

"నా వంటింట్లో కూచుని చెబితే ఎవరిక్కావాలి? ఎక్కడన్నావో అక్కడే అను. మేమిద్దరం వస్తాం."

"జోసీ, ఎందుకే ఇదంతా?" అన్నాడు మాటీ. అతని మొహం ఎర్రబడింది. "రేపు సాయంత్రం హోలొహన్ ఉలి పెడతాడు."

"సాయంత్రంలోపు వస్తావు నాతో."

నాలుగున్నరకే చీకటి పడుతున్న రోజులు. వంతెన మీద బ్రీడా ఆగింది. కింద నది నిండుగా, గోధుమ రంగులో పోతోంది. ఈ నీళ్లలో ఒక పిల్లని తోసింది నేను, అనుకుంది. తోశానా, లేక తోయమని ఎవరైనా చెప్పారా? కల్పించానని ఎంత గట్టిగా అనుకుంటే అంత తేలిపోతోంది ఆ మాట. కళ్లు మూసుకుంటే ఆ పిల్ల కనిపిస్తోంది కూడా, చేతులు ఒరుసుకుపోయి, గోళ్ల నిండా బూడిదతో. మొహం మాత్రం ఈ కథ మొదటిసారి విన్న నలభై మంది పిల్లల్లో ఎవరిదో.

శుక్రవారం మూడు గంటల జట్టులో ఇరవై ఎనిమిది మంది. అందులో జోసీ, పూజకి వేసుకునే నల్ల సూటులో మాటీ. వాళ్లిద్దరూ టికెట్లు కొనుక్కున్నారు, టీసీ వద్దన్నా వినకుండా. చలికాలం కార్యక్రమంలో హానోరా వేషం ఒక నటి చేత కట్టించాలని శార్టల్ అనుకుంటున్నాడు. అందుకని కథ ఇంకోసారి వినడానికి తనూ వెనక చేరాడు.

బ్రీడా తాడు విప్పింది. మూడో మెట్టు సంగతి ఎవరికీ చెప్పలేదు. తానే వెళ్లి దాని మీద నిలబడింది. ఇరవై రెండేళ్లుగా కాలు తగలక ఆ రాయి మిగతావాటికన్నా గరుకెక్కి ఉంది.

"ఇక్కడ హానోరా టైనన్ అనే అమ్మాయి గిన్నెలు తోమేది. పంతొమ్మిదేళ్లప్పుడు జబ్బు చేసి ఇంటికెళ్లి చనిపోయింది. ఆమె గరిటె దొంగతనం చేసిందని, నదిలో పడిందని, దయ్యమై వస్తుందని ఇరవై రెండేళ్లుగా నేను ఇక్కడ చెబుతున్నాను. అది అబద్ధం. నేను కల్పించాను."

జనం తర్వాత ఏదో వస్తుందని చూస్తున్నారు.

"మరి చప్పుడు వస్తుందంటారే?" అడిగాడు ఒక కుర్రాడు.

బ్రీడా కోటులోంచి గరిటె తీసి చూపించింది. "చేసేది నేనే. బజార్లో కొన్న గరిటె ఇది."

గొల్లున నవ్వారు. ఎవరో చప్పట్లు మొదలెట్టారు, అందరూ అందుకున్నారు. ఇది కొత్త రకం ఆట అనుకున్నారు కాబోలు. ముందు వరసలో ఒకావిడ పక్కావిడ చెవిలో అంది, "లేదని ఇంత గట్టిగా చెబుతోందంటే ఉన్నట్టే. భయపడి చెప్పడం లేదు." బ్రీడాకి ఏడుపొచ్చింది. పుట్టించడానికి ఒక్క నోరు చాలింది, చంపడానికి ఎన్ని నోళ్లు కావాలో!

చప్పట్లు సన్నగిల్లాక వెనక నించి మాటీ గొంతు వినిపించింది.

"మా నాన్న నాకేం చెప్పలేదు."

జోసీ తిరిగి చూసింది. "ఏమిటి?"

"గరిటె సంగతి. చెప్పలేదు. మా నాన్నకి తెలీదు." టోపీ రెండు చేతుల్లో నలిపేస్తున్నాడు. "పబ్‌లో ఒకరోజు అందరూ ఇదే మాట్లాడుతున్నారు. మా తాత చెప్పాడు, మా అవ్వ చెప్పింది అంటున్నారు. ఏం మాటీ, మీ ఇంటి సంగతి నీకు తెలీదా అన్నారు. మా ఇంటి సంగతి ఊరందరికీ తెలిసి నాకు తెలీదంటే పరువేముంది? నాకూ తెలుసు, నాన్న చెప్పాడన్నాను. అన్న తర్వాత, జోసీ, నిజంగానే గుర్తుకు రావడం మొదలెట్టింది. కొట్టం, పాల బకెట్టు, నాన్న గొంతు. నిన్న ఈవిడ వచ్చి వెళ్లాక రాత్రంతా కూచున్నాను. ఆ కొట్టం నాన్న పోయాక కట్టింది. కట్టింది నేనే."

ఈసారి ఎవరూ చప్పట్లు కొట్టలేదు. ముందు వరస ఆవిడ నేల చూపులు చూసింది. మాటీ సూటు చూశాక అది ఆట కాదని వాళ్లకి తెలిసినట్టుంది. బ్రీడా కమ్మీ పట్టుకుంది. కథ తనకన్నా పాతది కాదు. తనదే. ఆ మాటకి ఇంత ఊరట కలుగుతుందనీ, ఆ ఊరటకి ఇంత సిగ్గేస్తుందనీ ఆమె అనుకోలేదు.

జనం వెళ్లాక శార్టల్ దగ్గరికొచ్చాడు. అరిచే మనిషి కాడు. "సోమవారం నించి మీరు వచ్చినవాళ్ల కోట్లూ గొడుగులూ దాచే గది చూసుకోండి బ్రీడా గారూ. మెట్ల కథ ఇంకెవరైనా చెబుతారు."

"చెబితే చెప్పారు. ఆ పేరు తీసేయండి."

"పేరు లేకపోతే దయ్యం ఎలా నిలబడుతుందండి?"

"నిలబడలేకపోతే కూచోమను బాబూ," అన్నాడు మాటీ, టోపీ తల మీద పెట్టుకుంటూ. "మా పిల్ల పేరు మాత్రం మాకిచ్చెయ్. ఇవ్వకపోతే నేనూ మా అక్కా రోజూ టికెట్ కొనుక్కుని వస్తాం. మాకు వేరే పనేం లేదు."

శార్టల్ అతన్ని చూశాడు, జోసీ సంచీని చూశాడు. "సరే," అన్నాడు.

హోలొహన్ సాయంత్రం దాకా ఆగకుండా పొద్దున్నే మొదలెట్టి, అప్పటికే మూడు పేర్లు చెక్కేశాడు. నల్లరాయి ఒకసారి ఉలి తిన్నాక వెనక్కి పోదు. పైన చోటు లేదు, నాలుగో పేరు కింద మాత్రం ఒక వరసకి సరిపడా ఉంది, గడ్డికి దగ్గరగా. గడ్డి నేను కోస్తాను, నువ్వు చెక్కు అన్నాడుట మాటీ. శనివారం పొద్దుపోయేదాకా ఆ షెడ్డులో ఉలి చప్పుడు ఆగలేదని టీసీ చెప్పింది.

ఆదివారం వాన లేదు, తడి గాలి మాత్రం ఉంది. సమాధుల మధ్య ఊరంతా నిలబడింది, ఎవరి రాయి దగ్గర వాళ్లు. ఫాదర్ దీవెన నీళ్లు చిలకరిస్తూ వరసలు దాటుతూ పేర్లు చదువుతున్నాడు. బ్రీడా సొంతవాళ్ల సమాధులు ఇంకోచోట ఉన్నాయి. అయినా ఇక్కడికే వచ్చి గోడ పక్కన నించుంది. "హానోరా టైనన్" అన్న మాట వినిపించగానే ఆమె వెనక ఇద్దరాడవాళ్లు ఒకరి మోచెయ్యి ఒకరు పొడుచుకున్నారు.

"ఆవిడే. గరిటె."

బ్రీడా వెనక్కి తిరిగింది. "కాదండి," అంది. వాళ్లు ఈవిడకేం పట్టిందన్నట్టు చూశారు.

జనం పలచబడ్డాక ఆ రాయి దగ్గరికి వెళ్లింది. అన్ని అక్షరాల కంటే ఆ చివరి వరస తెల్లగా, కొత్తగా ఉంది. జోసీ చామంతులు సర్దుతోంది.

"నన్ను క్షమించండి," అంది బ్రీడా.

"అప్పుడేనా?" జోసీ తలెత్తకుండానే అంది. "ఫింటన్‌ని అడగాలి నువ్వు. ఈ పిల్లని అడగాలి. నా సంగతి తర్వాత." ఒక పువ్వు తీసి, కాడ తుంచి, మళ్లీ పెట్టింది. "కథలు చెప్పడం వచ్చుగా నీకు. ఏటా నవంబరులో ఇక్కడికి రా. ఈ రాయి చూసి ఆగినవాళ్లకి చెప్పు."

అప్పటికే ఒక తల్లి, ఎనిమిదేళ్ల కూతురు వచ్చి ఆగారు. పిల్ల చివరి వరస వేలితో చూపించి తల్లి కోటు లాగింది. ఈ మధ్యే బడివాళ్లతో కోటకి వచ్చిన పిల్ల, బ్రీడా గుర్తుపట్టింది. పిల్లా గుర్తుపట్టింది. కళ్లు పెద్దవి చేసి చూస్తోంది. జోసీ పక్కకి జరిగి చోటిచ్చింది.

"ఈమె పేరు హానోరా టైనన్," అంది బ్రీడా. "కోటలో గిన్నెలు తోమింది. జబ్బు చేసి ఇంటికొచ్చింది. వాళ్లన్న దగ్గరుండగా చనిపోయింది."

పిల్ల ఆగింది. "తర్వాత?"

"తర్వాతేం లేదమ్మా."

"ఇంతేనా!" అని పిల్ల మూతి ముడిచి, తల్లి చెయ్యి పట్టుకుని పక్క రాయి వైపు లాక్కుపోయింది.

"అంతే," అంది జోసీ.